బంతి లేవని మనిషి

ఆయన అన్నం తిన్న చెయ్యి ఎప్పుడూ ఎండిపోయే ఉండేది. కడుక్కోవడానికి లేవకుండా, విస్తరి అంచు మీద వేళ్లు వంచి పెట్టుకుని, పక్కవాళ్లు తినడం అయ్యేదాకా అలాగే కూర్చునేవాడు. మెతుకులు వేళ్ల సందుల్లో ఎండి తెల్లబడేవి. పప్పు మరక గోళ్ల చుట్టూ పట్టుకుని ఎంత కడిగినా పోయేది కాదు. సాయంత్రం దుకాణంలో జంపఖానాలు పరిచి చూపిస్తున్నప్పుడు కూడా ఆయన గోళ్లు పచ్చగానే కనబడేవి.

పోయిన వారం వరంగల్ స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నాను. నా దగ్గర చదువుకున్నవాడొకడు గుర్తుపట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడికిప్పుడు నాకంటే ఎక్కువ తెల్లవెంట్రుకలు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "సారూ, మన బంతి పెద్దమనిషి పోయిండు. మీకు ఎర్కనేనా?" అన్నాడు. నాకు ఎరుక లేదు. పోయి చాలా రోజులైందట. ఇంతలో బండి వచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను కానీ ఏం చూశానో చెప్పమంటే చెప్పలేను. నాకు ఏడుపొచ్చింది. వయసు మీదపడ్డ మగవాడు రైల్లో కళ్లు తుడుచుకుంటే ఇంజను బొగ్గు నలుసు పడిందేమో అనుకుంటారు, అదొక సౌకర్యం.

మావైపు భోజనాల వరసను బంతి అంటారు. పెళ్లిళ్లలో మొదటి బంతి, నడిమి బంతి, కడబంతి. అందరూ ఒకేసారి కూర్చోవాలి, అందరూ తిన్నాకే లేవాలి, మధ్యలో ఒకరు లేస్తే మిగిలినవాళ్లను అవమానించినట్టు. పెళ్లిలో అది మర్యాద. కానీ ఈయన ఆ మర్యాదను తెచ్చి వరంగల్ మట్టెవాడలోని ఒక భోజన హోటల్లో పెట్టాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, ఒకరి మొహం ఒకరికి తెలియని హోటల్లో. అందుకే ఊరంతా ఆయన్ను బంతి పెద్దమనిషి అనేది. అసలు పేరు నాకు తెలుసు కానీ రాయను. బంతిలో కూర్చున్నాక పేరెందుకని ఆయనే అనేవాడు.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. నిజాం రాజ్యం. బియ్యానికి కంట్రోలు. నేను మిషన్ బడిలో కొత్తగా చేరిన పంతులును. మా చర్చి పెద్ద ఒకాయన మట్టెవాడలో గది ఇప్పించాడు. వండుకు తింటాడు కదా అని ఊరి నుంచి మా అమ్మ కుండలూ మూకుళ్లూ సర్ది పంపింది. ఒక పూట ప్రయత్నించాను. అన్నం అడుగున మాడింది, పైన ఉడకలేదు. ఒకే కుండలో ఈ రెండూ సాధించినవాడికి వంట అచ్చిరాదని తెలుసుకుని మర్నాడే హోటల్ దారి పట్టాను.

పొడుగాటి పెంకుటిల్లు. గోడవారగా వరసగా పీటలు, ముందు మోదుగాకు విస్తర్లు. హోటలాయనే అన్నం గమేళా పట్టుకుని వడ్డించేవాడు. ఆయన భార్య లోపల వండేది. ఆమె మొహం మాకెవరికీ సరిగ్గా తెలియదు, గొంతు మాత్రం తెలుసు. బంతి అంతా లేచాకే ఆమె తినేది. అందుకని ప్రతి మధ్యాహ్నం లోపలి నుంచి "బంతి లేసిందా?" అని అడిగేది. హోటలాయన ఇవతలి నుంచి "లేవలే" అనేవాడు. ఆ "లేవలే"కు కారణం ఎవరో హోటలంతటికీ తెలుసు.

నా పేరు అక్కడ ఎవరూ అడగలేదు. కోటూ టోపీ చూసి "సారు" అన్నారు, అదే నా కులమైపోయింది. నేను దాచిందేమీ లేదు, చాటించుకున్నదీ లేదు.

మొదటి రోజే ఆయన పక్కన కూర్చున్నాను. నేను బోర్డింగు బడిలో పెరిగినవాణ్ణి. అక్కడ గంట మోగేలోపు కంచం ఖాళీ చెయ్యాలి. ఆ అలవాటుతో పప్పన్నం గబగబా తినేసి, చారు రాకముందే లేవబోయాను. నా మోకాలి మీద ఒక ఎడమచెయ్యి పడింది.

"ఏడికి సారూ?"

"అయింది. తిన్న."

"మీదైంది. గాయినది కాలే గద" అని గడ్డంతో వరస చివరికి చూపించాడు. అక్కడెవరో పల్లె నుంచి వచ్చిన ముసలాయన, పళ్లు లేనట్టుంది, చారన్నం మెత్తగా పిసుకుతున్నాడు.

"మీ మనిషా?"

"ఎవలో నాకేమెర్క. బంతిల ఉన్నడు."

కూర్చున్నాను. బడికి వేళవుతున్నదని గుమ్మంవైపు చూస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం ఎంతో తృప్తిగా ఆ ముసలాయన నోటివంక చూస్తూ, "నిమ్మళంగ తినుండ్రి, మాకేం తొందర లేదు" అన్నాడు. మాకు అనడంలో నన్ను కూడా కలుపుకున్నాడు. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్లి హెడ్‌మాస్టరు చేత చివాట్లు తిన్నాను.

ఈ పట్టుదల వల్ల ఆయన పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. హోటల్ బంతికి మొదలూ చివరా ఉండవు కదా. ఈయన మజ్జిగన్నం ముగిస్తుండగా ఇంకొకడు వచ్చి పక్క పీట మీద కూర్చునేవాడు. ఇక వాడు తినేదాకా ఈయన లేవడు. వాడు పెరుగు దాకా వచ్చేసరికి ఇంకొకడు. బట్టల బజారు గుమస్తాలు దీన్ని కనిపెట్టి, కావాలనే ఒకడి వెనక ఒకడు వచ్చేవాళ్లు. చెయ్యెండబెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి నోరు మూసుకుని నవ్వుకునేవాళ్లు. మిల్లు కూతకు ఉరకాల్సిన కూలీలైతే ఆయన ఉన్న గోడవైపు వచ్చేవాళ్లే కాదు. నేనూ నవ్వాను. ఎవరైనా నవ్వుతారు.

లోపల ఆ ఇల్లాలు ఆకలితో ఉండేది కాబట్టి చివరికి హోటలాయనే ఉపాయం చేశాడు. ఈయన వచ్చి కూర్చోగానే, అప్పటికి నిండిన పీటల చివర నేల మీద సున్నంతో గీత గీసేవాడు. గీతకు ఇవతల కూర్చున్నది ఒక బంతి, అవతల తర్వాత వచ్చి కూర్చునేది ఇంకో బంతి. పెద్దమనిషి ఆ గీతను బాగా పరీక్షగా చూసి, "గిది నాయం" అని ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి ఆ ఇల్లాలు కాస్త వేళకు తినగలిగింది.

ఆయన పనిచేసే జంపఖానాల దుకాణం నేను బడికి పోయే దారిలోనే. తిన్నాక ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. నేను ఆయన్ను కాకా అనేవాణ్ణి. హోటల్ వంటకు దారిపొడుగునా వంకలు పెట్టేవాడు. పులుసులో చింతపండు ఎక్కువైందనీ, పోపు ముందే మాడిందనీ. ఆ వంకలు వింటే ఎవరికైనా తెలుస్తుంది, వంట చేతనైన మనిషని. ఒకనాడు అడిగాను.

"ఇంట్ల వండుకొని తినొచ్చు గద కాకా?"

"వండుకుంటనే ఉంటి సారూ, ఆమె పోయినంక. కూర మంచిగనే అయ్యేది. కంచం ముంగట కూసుంటే ముద్ద దిగకపోయేది. ఒక్కనికి బంతి కాదు గద."

పిల్లల్లేరు. భార్య పోయి అప్పటికి ఎన్నాళ్లైందో నేను అడగలేదు. ఆయన అన్నం కోసం కాదు, పక్కన నలుగురి కోసం హోటలుకు వస్తున్నాడని మాత్రం అప్పుడు తెలిసింది. ఆ తర్వాత గుమస్తాలతో కలిసి నవ్వబుద్ధి కాలేదు.

అట్లాగని ఆయన్ను మహాత్ముణ్ణి చేసి చూపించను. ఆయన కులం పట్టింపులు ఆయనకుండేవి. ఎక్కడికి పోయినా తన ఇత్తడి చెంబు చంకలో ఉండాల్సిందే, పరాయి కులంవాళ్ల చేతి నీళ్లు ముట్టేవాడు కాదు. బడిలో మా కుండ నీళ్లు ఇవ్వబోతే, "దూప లేదు సారూ" అని పెదవులు తడుపుకునేవాడు.

ఒక మధ్యాహ్నం బంతి నిండుగా ఉంది. పప్పూ కూరా అయి చారు దగ్గరున్నాం. మా బడిలో చదివే పిల్లవాడి తండ్రి ఒకాయన గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశాడు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"దావీదు సారూ! మీరీడున్నరా? బడికాడికి పోయి వస్తాన. మా పిలగాడు పాసయితడా కాదా, జర చెప్పుండ్రి!"

చారు జుర్రుకునే చప్పుడు ఆగిపోయింది. నాకు ఎదురు గోడన కూర్చున్నాయన అంగడి పని మీద పల్లె నుంచి వచ్చిన పటేల్. ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను పైకీ కిందికీ చూశాడు.

"దావీదా? కిరస్తానపోళ్లా మీరు?"

"ఔను."

"అంతకు ముంగట?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. "మాది పాలకుర్తి దిక్కు. మా తాత చెప్పులు కుట్టేటోడు" అన్నాను. గొంతు వణకలేదని రాసుకోవాలని ఉంది. వణికింది.

పటేల్ ముద్దను విస్తరిలో వదిలేసి లేచాడు. ఆయన పక్కాయన లేచాడు. తర్వాత మా గోడవైపు వాళ్లు. కొందరు కోపంగా లేచారు, కొందరు మిగిలినవాళ్లు లేచారు కదా అని లేచారు. ఒకాయన అయితే లేస్తూ లేస్తూ ఇంకో రెండు ముద్దలు మింగాడు. నన్ను పిలిచిన తండ్రి తను చేసిందేమిటో అర్థంకాక, చెప్పులు చేతబట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. నాకు అక్కడినుంచి మాయమైపోవాలనిపించింది. అయినా పీట మీదే ఉండిపోయాను.

లోపలి నుంచి ఆ గొంతు వినబడింది. "బంతి లేసిందా?"

"లేసింది" అన్నాడు హోటలాయన. అని, నా ముందున్న విస్తరి తీయడానికి వంగాడు.

"లేవలే" అన్నాడు నా పక్కనుంచి పెద్దమనిషి.

ఆయన చారన్నం కలుపుతున్నాడు. తలకూడా ఎత్తలేదు.

"గీ ఒక్కపాలికి లేవు కాకా, నీ కాల్మొక్త" అన్నాడు హోటలాయన.

"సారు తింటాండు. ఎట్ల లేస్తరే? నేనున్న, సారున్నడు. ఇద్దరుంటే బంతి కాదా?"

"వాళ్లందరు లేసిండ్రు గదనే!"

"లేసినోళ్ల సంగతి నాకెందుకు? నడిబంతిల లేసినోళ్లు లేసిండ్రు. ఆళ్లది ఆళ్లు జూసుకుంటరు" అని నావైపు తిరిగి, "నిమ్మళంగ తినుండ్రి" అన్నాడు.

తిన్నాను. హోటలాయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు వంటింటి తలుపు దగ్గర అలికిడైంది. ఆమె మజ్జిగ గిన్నె పట్టుకుని తనే బయటికి వచ్చింది. బక్కపలచటి మనిషి, నుదుటి మీద చెమట.

"బంతి లేవకముందుకే ఇస్తారి తీస్తవా?" అంది మొగుణ్ణి. "ఇంట్ల అన్నం నిలుస్తదా?"

ఆమె నాకోసం వచ్చిందని నేననుకోవడం లేదు. ఆ ఇంటి అన్నం కోసం వచ్చింది. పెద్దమనిషికి మజ్జిగ పోసి నా దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి పైకి లేచింది. అంత ఎత్తు నుంచి పోస్తుంటే మజ్జిగ నా అన్నంలో పడి నా కోటు మీదా, ఆయన ధోవతి మీదా చిందింది.

"అమ్మా, జర వంగు. చిల్లుతాంది" అన్నాడు ఆయన.

ఆమె వంగింది. ఎక్కువేం కాదు, కొంచెమే. కానీ మజ్జిగ చిందడం ఆగింది. ఇద్దరం తిని, ఇద్దరం ఒకేసారి లేచి చేతులు కడుక్కున్నాం.

మర్నాడు హోటలాయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "సారూ, నాకైతే ఏం లేదు. గిరాకి మొత్తం పోతది. జర సమజ్ చేసుకోండ్రి" అన్నాడు. మంచివాడే. రావద్దనలేదు. లోపల నా పీట వరస చివరికి, తలుపు దగ్గరికి జరిపి ఉంది. దానికీ మిగిలిన పీటలకూ మధ్య సున్నం గీత. ఆ ఇల్లాలు వేళకు తినడం కోసం గీసిన గీతే. ఈసారి గోడ నుంచి నడవా దాకా పొడుగ్గా గీశాడు.

తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. ఆకలి ఒకవైపు, ఉక్రోషం ఒకవైపు. రెండూ కలిసి నన్ను అక్కడే కూర్చోబెట్టాయి. నిన్న లేచిపోయినవాళ్లలో సగం మంది వచ్చి గీతకు అవతల కూర్చున్నారు. ఆ ఇల్లాలి పులుసు వదులుకోవడం అంత తేలిక కాదు మరి. కాసేపటికి పెద్దమనిషి వచ్చాడు. చెంబు దించి, గీతను చూశాడు. అటు చివరా ఇటు చివరా చూశాడు. తర్వాత పీట లాక్కుని సరిగ్గా గీత మీద వేసుకుని కూర్చున్నాడు.

"కాకా, గీత మీద కూసుంటివి" అన్నాడు హోటలాయన.

"ఔ. జాగ మంచిగున్నది. గాలొస్తాంది."

"నువ్వు ఏ బంతి మరి?"

"నా కుడిదిక్కు సారున్నడు, ఎడమదిక్కు గీళ్లున్నరు. రెండు నాయే."

గొప్పగానే ఉంది కానీ, దాంతో ఆయన పని పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. రెండు బంతులూ ఆయనవే కాబట్టి రెండూ లేచేదాకా ఆయన లేవడానికి వీల్లేదు. నేను ఎంత తొందరగా తిన్నా, అవతల వచ్చేవాళ్లు వస్తూనే ఉండేవాళ్లు. ఆయన రోజూ పొద్దు వాలేవేళకు దుకాణం చేరేవాడు. సేటు తిట్టేవాడు. కొన్నాళ్లకు మధ్యాహ్నం గిరాకీ పని ఇంకొకరికి అప్పగించి, ఈయన్ను జంపఖానాలు దులిపే పనిలో పెట్టాడు. పీట పక్కకు ఒరిగినప్పుడల్లా ధోవతికి సున్నం అంటేది. వెనకాల తెల్లటి పట్టీతో ఆయన బజారు వెంట నడిచిపోతుంటే మట్టెవాడ అంతా నవ్వేది. ఆయనకు తెలియదు. నేను దులపబోతే, "ఏందది? ఉండనీయి" అనేవాడు.

"నా కోసం ఇదంతా ఎందుకు కాకా?" అని అడిగానొకసారి.

ఆయన ఆగిపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీ కోసమని ఎవలన్నరు?"

ఆయన కూర్చుని కూర్చుని గీత చెరిగిపోయేది. హోటలాయన మళ్లీ గీసేవాడు, మళ్లీ చెరిగేది. కొన్నాళ్లకు విసుగుపుట్టి గీయడం మానేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అలవాటైపోయింది. కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఎండాకాలం ఆయన తమ్ముడి కూతురి లగ్గం. నెల ముందునుంచీ ఆయనకు అదే మాట. ఇంటికి పెద్ద కాబట్టి వాళ్ల ఇంటి పెళ్లిళ్లలో మొదటి బంతికి మొదట కూర్చునేది ఆయనే. ఆయన ముద్ద కలిపితేనే అందరూ కలపాలి, ఆయన లేస్తేనే అందరూ లేవాలి. హోటల్లో ఇంతకాలం ఆయన సాగించింది ఆ పెద్దరికాన్నే అని అప్పుడు నాకు అర్థమైంది. "లగ్గంల సూడాలె సారూ బంతంటే. గీ హోటల్ల ఏమున్నది?" అనేవాడు. కొత్త ధోవతి కొన్నాడు. దానికి సున్నం అంటకుండా ఇంట్లోనే దాచిపెట్టుకున్నాడు. పెళ్లికి వెళ్లే ముందురోజు భోజనం దగ్గర చిన్నపిల్లాడిలా ఒకచోట నిలవలేదు.

పెళ్లి ఆదివారం. మా అమ్మ నన్ను చూడ్డానికి ఊరి నుంచి వచ్చి ఉంది. ఇద్దరం చర్చికి వెళ్లి వచ్చి, ఆమె వండిన మాంసం కూరతో తృప్తిగా తిన్నాం. ఎండ మండిపోతోంది. అమ్మ కంచాలు కడిగి, కాసేపు నడుం వాలుద్దామనుకుంటుండగా, గుమ్మంలో నీడ పడింది.

పెద్దమనిషి. ఒంటి మీద కొత్త ధోవతి, నొసట కుంకుమ, కాళ్లనిండా దుమ్ము. చంకలో చెంబు లేదు.

"సారూ, ఇంట్ల బువ్వున్నదా?" అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. గోడకు ఆనుకుని కూర్చుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత చెప్పాడు. గీత సంగతి వాళ్ల ఊరికి పోయింది. మొదటి బంతిలో కూర్చోబోతుంటే కులపెద్దలు ఆపారు. తప్పయిందని బంతి ముందర నిలబడి చెప్పుకుంటే సరే, కూర్చోవచ్చు. లేదంటే అన్ని బంతులూ అయిపోయాక, వెనకాల కొట్టం దగ్గర విస్తరి వేస్తామన్నారు.

"తప్పంటే అనేటోన్నే సారూ. నాకేం పోతది. ఏం తప్పు జేసిన్నో అర్థమైతలేదు. అర్థం కాంది ఎట్ల అనాలె?"

"మీ తమ్ముడు ఏమన్నడు?"

"ఆడు అటుదిక్కు సూసిండు. బిడ్డ లగ్గం గద, ఆడేమంటడు?" అని కాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. "కొట్టంకాడనన్న తినేటోన్ని. గని ఒక్కన్ని ఎట్ల తింట?"

అందుకని పెళ్లివారి ఊరి నుంచి ఆ ఎండలో, ఖాళీ కడుపుతో నడిచి వచ్చాడు. తన ఇంటికి పోలేదు. అక్కడ బియ్యముంది, పొయ్యి ఉంది, మనుషులు లేరు. హోటలాయన కూడా ఆ పెళ్లికే వెళ్లి హోటల్ మూసేశాడు. అంత వయసు మనిషికి, బంతి తప్ప వేరే ఆశ లేని మనిషికి, సొంత ఇంటి బంతిలోనే చోటు లేకుండా పోయింది. నా పేరు వల్ల.

అమ్మ అప్పటికే మాంసం కుండ మీద మూత పెట్టి మూలకు జరిపేసింది. తలుపు పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యా, మా ఇంట్ల తింటరా?" అంది. పుట్టాక ఆమె ఈ మాట పైకులపు మనిషిని ఎన్నడూ అడిగి ఉండదు.

"ఆకలైతాంది చెల్లె."

"కుమ్మరోళ్లింటికి పోయి కొత్త కుండ తెస్త. జరసేపు కూసోండ్రి."

"ఉన్నదాంట్లనే వండు. జల్ది అయితది."

అమ్మ పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టి, చింతపండు పిసికి, ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉల్లిగడ్డలు తరిగి పచ్చిపులుసు చేసింది. ముంతతో నీళ్లు ఇచ్చి దూరం జరిగింది. ఆయన ముంత ఎత్తి గటగటా తాగేశాడు. ఇదివరకు నా దగ్గర పెదవులు తడుపుకున్న మనిషి.

ఆయనకు కంచం పెట్టి వడ్డించింది. నాకు కడుపులో చోటు లేకపోయినా సత్తు గిన్నె తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన కంచం ముట్టుకోలేదు.

"నువ్వు గూడ కూసో చెల్లె."

"నేను తిన్నయ్యా."

"తిన్నవా అని అడుగలే గద నేను."

అమ్మ నావంక చూసింది. ఆమె మా నాన్న పక్కనైనా కూర్చుని తిన్నది లేదు. అందరూ తిన్నాక పొయ్యి పక్కన తినేది. ఒక మూకుట్లో ఇంత అన్నం పెట్టుకుని, కొంగు బిగించి, ఒక పక్కకు తిరిగి కూర్చుంది. అప్పుడు ఆయన ముద్ద కలిపాడు. ఆయన కలిపాక మేమిద్దరం కలిపాం.

ఎంత ఆకలితో తిన్నాడో! మారు అడిగాడు, మళ్లీ పులుసు అడిగాడు. సగం తిన్నాక ఆయన బుద్ధి ఊరుకోలేదు. "పులుసు మంచిగున్నది చెల్లె. ఉల్లిగడ్డ జర దంచి ఏస్తే ఇంక మంచిగుంటుండె" అన్నాడు. నాకు భయమేసింది, అమ్మ చిన్నబుచ్చుకుంటుందేమోనని. ఆమె మొహం వెలిగిపోయింది. "ఈసారి దంచి ఏస్త" అంది. అనేసి నాలుక కరుచుకుంది, ఈసారి అన్నందుకు. ఆయన మాత్రం తలూపాడు.

నాదైంది. ఆయనదీ అయింది. ఆయన వేళ్లు వంచి కంచం మీద పెట్టుకుని, గోడకు ఆనుకుని, పెళ్లి కబుర్లు మొదలుపెట్టాడు. పందిరి ఎంత పెద్దగా వేశారో, పెళ్లిపిల్ల ఎంత బాగుందో, సన్నాయి వాళ్లు ఎట్లా వాయించారో. పెళ్లి మాటల్లోంచి తన పెళ్లి మాటల్లోకి పోయాడు. పోయిన తన భార్య గురించి అన్ని రోజుల్లో నాకెన్నడూ చెప్పని సంగతులు మా అమ్మకు చెప్పాడు. అమ్మ "ఔనా అన్నా?" అంటూ వింటున్నది. అయ్యా అనడం ఎప్పుడు మానిందో నేను గమనించలేదు.

గుమ్మంలో ఎండ వెనక్కి జరిగిపోయింది. అమ్మ మూకుట్లో ఒక్క ముద్ద అన్నం మిగిలి ఉంది. ఆమె దాన్ని కలిపి ఉండచేసి, మళ్లీ విప్పి, మళ్లీ కలుపుతున్నది. రెండోసారి తిండి కదా, పాపం గొంతు దిగడం లేదేమో అనుకున్నాను. ఆవిడవైపు వంగి, "ఇగ చాలు, ఇడిసిపెట్టమ్మా" అన్నాను మెల్లగా.

అమ్మ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఊకో," అంది ఆయనకు వినబడకుండా. "గిది తింటే లేసిపోతడు."